లెగి సంత, లెగియెం లెక్క

లెగియెం పుట్టింది లెగి నాడు. జావా దీవిలో ప్లోసోరెజో ఊళ్ళో సంత జరిగేదీ లెగి నాడే. లెగి, పహింగ్, పోన్, వాగే, క్లివోన్ అంటూ ఐదు రోజులు ఒకదాని వెనక ఒకటి గిర్రున తిరుగుతూ ఉంటాయి. ఆదివారాలు, సోమవారాలు బళ్ళకీ ఆఫీసులకీ పనికొస్తాయి గానీ, సంతకీ పెళ్ళి ముహూర్తానికీ ఊళ్ళో అడిగేది ఈ ఐదింటినే. ఆవిడ తల్లి నొప్పులు మొదలయ్యాక కూడా కొబ్బరి బెల్లం మొత్తం అమ్మేసి, గంప బోర్లించి, అప్పుడు ఇంటికి పోయి కన్నదట. అంత హడావుడిలో పేరు కోసం తల బద్దలు కొట్టుకునేదెవరు? లెగి నాటి పిల్ల కాబట్టి లెగియెం.

ఊళ్ళో ఆవిడకి మొండి మనిషని పేరు. నెలకోసారి పసిపిల్లల్ని తూచే పని ఆవిడదే. తమ పిల్ల వంద గ్రాములైనా ఎక్కువ తూగాలని తల్లులు బూట్లతో, టోపీతో, చేతిలో అరటిపండుతో సహా తక్కెట్లో కూర్చోబెట్టేవారు. లెగియెం అరటిపండు లాగేసేది, బూట్లు విప్పించేది, టోపీ తీసి తల్లి నెత్తిన పెట్టేది. పిల్ల ఏడ్చేది, తల్లి తిట్టేది, తక్కెడ ముల్లు మాత్రం నిజం చెప్పేది. ఈ కీర్తి ఏ దారిన పాకిందో గానీ, యాభై రెండో ఏట జిల్లా ఆఫీసు నుంచి పిలుపొచ్చింది. సంతల లెక్క తీయడానికి తాత్కాలికంగా మనుషులు కావాలట. మూడు రోజుల శిక్షణ, మధ్యాహ్నం భోజనం వాళ్ళదే.

శిక్షణ ఇచ్చినవాడు తోగార్ సిహోంబింగ్. ఇరవై ఏడేళ్ళ బతక్ తెగ కుర్రాడు, సుమత్రా నుంచి జావాకి వచ్చి ఏడాది కూడా కాలేదు. పక్కన కూర్చున్నవాడితో కూడా సరస్సు అవతలి ఒడ్డున ఉన్నవాడితో మాట్లాడినట్టు మాట్లాడతాడు. వస్తూనే అరవై సలాక్ పళ్ళున్న బుట్ట ఒకటి బల్ల మీద పెట్టాడు.

"ఈ పళ్ళు ఒక్కోటి సగటున ఎంత బరువో తెలియాలి. అరవై తూచే ఓపిక నాకు లేదు. బూ, మీరు రండి, ఐదు తీయండి. ఏరొద్దు, ఊరికే చేతికొచ్చినవి తీయండి చాలు!"

'బూ' అంటే అమ్మగారూ అని. లెగియెం బుద్ధిగా ఐదు తీసింది. తూస్తే సగటు తొంభై గ్రాములు. తర్వాత తోగార్ అరవై పళ్ళకీ అంకెలు అతికించి, డబ్బాలో చీటీలేసి, ఐదు చీటీలు తీయించి, ఆ అంకెల పళ్ళు తూయించాడు. అరవై ఒక్క గ్రాములొచ్చింది. చివరికి అరవై పళ్ళూ తూస్తే సగటు అరవై రెండు!

"చూశారా? బూ చెయ్యి దొంగది!" అని అరిచాడు తోగార్. హాలంతా గొల్లుమంది. "నా చెయ్యీ దొంగదే, మీ అందరివీ దొంగవే. ఏరటం లేదనుకుంటూనే పెద్ద కాయ మీదకి పోతాయి. కొందర్ని చూసి అందరి గురించీ చెప్పాలంటే, ఆ కొందర్ని మన మనసు ఎంచకూడదు. చీటీ ఎంచాలి!"

లెగియెం తన కుడిచేతి వంక అలా చూస్తూ ఉండిపోయింది. యాభై రెండేళ్ళు ఈ చేత్తో అన్నం తింది, ఈ చేత్తో పిల్లల్ని తూచింది, ఇది దొంగదన్న సంగతి ఒక్కనాడూ అనుమానించలేదు. ఒళ్ళు ఝల్లుమంది. అంత సంతోషం ఆవిడకి పెళ్ళి నాడు కూడా కలగలేదు, ఈ మాట మొగుడి ముందే అంది.

ఇంటికొచ్చాక ఇక పట్టపగ్గాల్లేవు. అప్పడాల డబ్బాలో పైవి తినకూడదు, డబ్బా బోర్లించి కలిపాకే తినాలి. చుట్టపుచూపుకి ఎవరింటికి పోవాలో చీటీ తీసేది. బావగారొస్తే కోడిని కోయడానికి కూడా చీటీలే. చీటీ పోయి పోయి రోజూ గుడ్డు పెట్టే పెట్ట మీద పడింది.

"బూనే, నీ కాళ్ళు పట్టుకుంటా, ఆ ముసలి పుంజుని కోద్దాం," అన్నాడు తుకిరాన్. పిల్లలు పుట్టినప్పటి నుంచీ ఆయనకి పెళ్ళాం 'బూనే', ఆవిడకి ఆయన 'పాక్‌నే'.

"చీటీ అంటే చీటీయే, పాక్‌నే."

పులుసు అద్భుతంగా కుదిరింది. మర్నాటి నుంచి గుడ్లు కొనుక్కున్నారు.

అసలు పని తర్వాత మొదలైంది. జిల్లాలో ప్రతి సంతకీ రోజుకి సగటున ఎంతమంది అమ్మేవాళ్ళు వస్తున్నారో తేల్చాలి. నలభైకి తగ్గితే ఆ సంత జాబితాలోంచి పోతుంది. పైకప్పు బాగుచేయరు, నీళ్ళివ్వరు, అమ్మేవాళ్ళు పదిహేడు కిలోమీటర్ల అవతల టౌను మార్కెట్‌కి పోవలసిందే. లెక్కకి పెట్టిన తొంభై రోజులూ కాపలా కాయలేరు కనుక పదో రోజుకొకసారి వెళ్ళి లెక్కపెట్టమన్నారు. మొదటి రోజు ఏదో ఒకటి నుంచి పది దాకా చీటీ తీసి తేల్చుకోవాలి. లెగియెంకి ఏడు వచ్చింది. ఇక ఏడు, పదిహేడు, ఇరవై ఏడు, అలా తొమ్మిదిసార్లు వెళ్తే సరిపోతుంది.

ఏడో రోజు పహింగ్. అంటే లెగికి మర్నాడు. ఆఫీసు చొక్కా ఇస్త్రీ చేసుకుని, మెడలో కార్డు వేలాడేసుకుని, పెన్సిలు చెవి మీద పెట్టుకుని లెగియెం సంతలోకి వెళ్ళేసరికి నిన్నటి అరటాకులు, రెండు కుక్కలు, నలుగురు మనుషులు కనిపించారు. మంగలి జుమినో, మేకలకి ఆకు అమ్మేవాడు, టార్చిలైట్లు బాగుచేసేవాడు, మిగిలిపోయిన తెంపే, అంటే పులియబెట్టిన సోయా గింజల ముక్కలు ముందు పెట్టుకుని ఎంబోక్ దార్సి. ఎంబోక్ అంటే అవ్వ. దార్సికి డెబ్భై నాలుగేళ్ళు, నోరు మాత్రం ఇరవైలో ఆగిపోయింది.

"నిన్న రావాల్సింది కదే అమ్మాయ్! నిన్న ఇసకేస్తే రాలలేదు ఇక్కడ!"

"చీటీ ఇవాళే వచ్చింది ఎంబోక్. నాదేం లేదు."

"నీ చీటీకి కళ్ళు లేవా?"

"ఉండకూడదు. అదే దాని గొప్ప!"

పదిహేడో రోజూ పహింగే, ఇరవై ఏడో రోజూ పహింగే. నలుగురు, నలుగురు, ఒకసారి ఐదుగురు, జుమినోకి జ్వరమొచ్చిన నాడు ముగ్గురు. ఆవిడ గుమ్మంలో కనపడగానే నలుగురూ ఒక్క గొంతుతో "నిన్న రావాల్సింది!" అని పాట అందుకునేవారు. లెగి నాడు పుట్టి లెగికి ముఖం చాటేసిందని ఊరంతా ఆటపట్టించింది. లెగియెంకి తెలియక కాదు. ఐదు రోజుల చక్రం ఆవిడకి తన పేరంత తెలుసు. కానీ లెగి నాడు పోదామని మనసు పీకిన ప్రతిసారీ ఆవిడకి సలాక్ పళ్ళే గుర్తొచ్చేవి. పెద్ద కాయ మీదకి పోతోంది దొంగ చెయ్యి అనుకుని, పళ్ళు బిగించుకుని పహింగ్ నాడే వెళ్ళింది.

తొమ్మిదో కాగితం పంపిన మర్నాడు తోగార్ ఫోన్ చేశాడు.

"మీది చాలా నికార్సైన పని బూ! ఒక్క రోజు కూడా తప్పలేదు. సగటు నాలుగు. నలుగురున్నదాన్ని సంత అంటారా? తీసేయమని రాస్తున్నా."

లెగియెం ఫోన్ పెట్టేసి అరుగు మీద కూర్చుంది. తుకిరాన్ తన పాడే గువ్వకి గింజలేస్తూ అంతా విన్నాడు.

"పది అంటే రెండు ఐదులే కదా బూనే. పహింగ్‌లో మునిగితే మళ్ళీ పహింగ్‌లోనే తేలతావు."

"నాకు తెలీదా? చీటీ అలా వచ్చింది!"

"చీటీ ఒక్కసారే కదా వచ్చింది. మిగతా ఎనిమిదిసార్లూ చీటీ ఏది మరి?"

లెగియెం తలెత్తి మొగుణ్ణి చూసింది. ముప్పై ఏళ్ళ కాపురంలో మొగుడు ఇంత తెలివైన మాట అనడం అదే మొదలు. అది ఇప్పుడే అనాలా అని ఒళ్ళు మండింది కూడా.

మర్నాడు పొద్దున్నే బస్సెక్కి జిల్లా ఆఫీసులో తేలింది. తోగార్ అంతా విని తల అడ్డంగా ఊపాడు.

"ఇప్పుడు లెగి నాడు లెక్కపెడతానంటారా? మీకు కావాల్సిన జవాబు కోసం రోజు మారుస్తారా? ఇదేం పద్ధతి బూ, మీరే ఇలా అంటే ఎలా?"

ఆ మాట సూటిగా తగిలింది. నిజంగానే తనకి కావాల్సిన జవాబు ఒకటుంది. దాచుకుని లాభం లేదు.

"తోగార్ బాబూ, ఆదివారం మీరేం చేస్తారు?"

"చర్చికి పోతా. బృందంలో పాడతా. ఏం?"

"మీరేం పని చేస్తారో చూసి రమ్మని నన్ను పంపారనుకోండి. పద్నాలుగు రోజులకోసారి. మొదటి చీటీ ఆదివారం మీద పడింది. నికార్సుగా తొమ్మిదిసార్లొచ్చా. ఏం రాయమంటారు?"

తోగార్ చేతిలో పెన్సిలు బల్ల మీద పెట్టాడు.

"నేను చెప్తా. తోగార్ సిహోంబింగ్, ఆఫీసు పని సున్నా. పొద్దస్తమానం పాటలు. ఈయన్ని కూడా జాబితాలోంచి తీసేయొచ్చు!"

పక్క బల్ల మీది గుమాస్తా టీ గ్లాసు కింద పెట్టేసి పడీ పడీ నవ్వాడు. తోగార్ చెవులు ఎర్రబడ్డాయి. లేచి వెళ్ళి గోడ మీది క్యాలెండర్‌కి ముక్కు ఆనించి చూశాడు. అంకెల కింద చీమల్లాంటి అక్షరాల్లో లెగి, పహింగ్, పోన్ అని అచ్చయి ఉంది. ఏడాదిగా అవి ఎవరో దేవతల పేర్లనుకుంటున్నాడట.

"మీకు రెండు రకాల వారాలున్నాయా?!"

"మీకు ఒక్కటే ఉందా పాపం?"

"అయినా సరే బూ, లెగి ఒక్కటే లెక్కపెడితే అదీ అబద్ధమే."

"అదీ అబద్ధమే. మిమ్మల్ని సోమవారాలే చూస్తే మీకు పాటే రాదని రాస్తా. అందుకే లెగి ఒక్కటే అడగట్లేదు. ఐదు డబ్బాలు పెట్టండి. ఒక్కో డబ్బాలో ఒక్కో పేరు రోజులు. ప్రతి డబ్బాలోంచీ రెండేసి చీటీలు తీద్దాం. ఏ రోజుకీ అన్యాయం ఉండదు, డబ్బాలోపల ఏది రావాలో చీటీయే చెప్తుంది. నా దొంగ చేతికి పనే లేదు."

తోగార్ బల్ల మీద చరిచిన చప్పుడుకి గుమాస్తా టీ ఒలికింది. గడువు ఇంకా నెల ఉంది. ఇరవై ఐదు రోజులకి, అంటే ఒక్కో పేరుకి ఐదేసి చీటీలు రాసి, భోజనం పెట్టెల్లో వేసి, పది తీశారు.

"ఏయే రోజులో ఎవరికీ చెప్పొద్దు బూ. మీ ఆయనక్కూడా," అన్నాడు తోగార్, తను పెట్టుకున్న రహస్యం రోడ్డు దాకా వినపడేట్టు.

మొదటి లెగి వచ్చిన నాడు లెగియెంకి పూనకం వచ్చినట్టయింది. కర్రపెండలం, మేకలు, కుండలు, బెల్లం, బాతులు, బాతుల మీద అరిచే ఆడవాళ్ళు! ఒక వరసలో వెళ్ళి ఇంకో వరసలో వచ్చి, ఐదేసి గీతలు కట్టలు కట్టుకుంటూ రెండొందల ముప్పై ఒకటి లెక్కతేల్చింది. ఆనందం పట్టలేక తెంపే అమ్ముతున్న దార్సి బుగ్గ మీద ముద్దు పెట్టింది. "లెక్క లెక్కలా పెట్టవే," అని దార్సి బుగ్గ తుడుచుకుంది. మిగతా రోజులు మామూలే. పహింగ్ నాలుగు. పోన్ ఆరు, ఐదు. వాగే మూడు, ఏడు. క్లివోన్ నాడు దూరం వాళ్ళు ముందే వచ్చి చోటు పట్టుకుంటారు కనుక పంతొమ్మిది, పదహారు.

రెండో లెగి నాడు తెల్లారుతూనే కుండపోత. సగం సంత రాలేదు, వచ్చినవాళ్ళు ప్లాస్టిక్ పట్టాల కింద మోకాళ్ళు ముడుచుకుని కూర్చున్నారు. రోజు మార్చుకోకూడదా అని జుమినో అడిగాడు. "వానలో సంత కూడా సంతే," అని పట్టాల కిందకి వంగి వంగి లెక్కపెట్టింది. తొంభై ఆరు వచ్చింది.

ఇంటికొచ్చి తడి జుట్టుతోనే కూడింది. తొమ్మిది రోజులకీ కలిపి మూడొందల ఎనభై ఏడు. పది రోజుల సగటు నలభై కావాలంటే నాలుగొందలు ఉండాలి. పదమూడు తక్కువ. మిగిలింది ఒకే ఒక్క రోజు, రేపు. రేపు పహింగ్! పహింగ్ నాడు పదమూడు మందిని ఆవిడ పుట్టి ఎరగదు. ఏమీ తినకుండా, ఏమీ చెప్పకుండా, చొక్కా ఇస్త్రీ చేసుకుంది. ఆ ఇస్త్రీయే కొంప ముంచింది. పెళ్ళాం ఏ నాడు ఇస్త్రీపెట్టె తీస్తే మర్నాడు లెక్క ఉంటుందని తుకిరాన్ ఎప్పుడో కనిపెట్టాడు. గంటలో ఊరంతా తెలిసిపోయింది.

పహింగ్ నాడు లెగియెం సంతలోకి అడుగు పెట్టి నిలబడిపోయింది. వరసలు వరసలుగా మనుషులు! ఒక్కొక్కళ్ళ ముందు ఒక్కొక్క సరుకు. ఒక మామ్మ ముందు ఒకే ఒక్క బొప్పాయి. ఒకాయన తను తొక్కుకుంటూ వచ్చిన సైకిలే అమ్మకానికి పెట్టాడు. బడి హెడ్మాస్టరు చేతిలో గొడుగు. చివర్న తుకిరాన్, ఒళ్ళో గువ్వ పంజరం, మొహంలో ఎక్కడలేని అమాయకత్వం. లెక్కపెడితే అరవై ఒకరు. "ఇవాళ వచ్చావే తల్లీ సరైన రోజుకి!" అని అందరూ ఒక్కసారి చప్పట్లు కొట్టారు.

అరవై ఒకటి అని ఒక్క ముక్క రాస్తే సంత నిలబడుతుంది. లెగియెం పెన్సిలు కాగితం మీద పెట్టింది కూడా. తర్వాత తీసి చెవి మీద పెట్టుకుని మామ్మ దగ్గరికి వెళ్ళింది.

"బొప్పాయి ఎంత?"

"ఎంతేంటి? ఇది మా మనవడిదే!"

"అమ్ముతావా, అమ్మవా?"

"వాడు బడి నుంచొచ్చి అడిగితే ఏం చెప్పను?"

కొట్టివేత. సైకిలాయన దగ్గరికి పోయింది. "అమ్మేస్తే ఇంటికెలా పోను?" అన్నాడాయన. కొట్టివేత. హెడ్మాస్టరు వాన వచ్చేలా ఉందన్నాడు. కొట్టివేత. అడుగుతూ అడుగుతూ మొగుడి దగ్గరికొచ్చింది.

"గువ్వ ఎంత?"

"నువ్వెంతిస్తే అంత, బూనే," అన్నాడు తుకిరాన్ దర్జాగా.

"పదివేల రుపియాలు. ఇలా ఇవ్వు."

తుకిరాన్ పంజరాన్ని రెండు చేతులా కావలించుకుని వెనక్కి దొర్లాడు. "నీకు పిచ్చా! నా ప్రాణం తీసుకో, దీని జోలికి రాకు!" సంతంతా విరగబడి నవ్వింది. గువ్వ కూడా ఏదో కూసింది. ఆయన పేరూ కొట్టివేతే.

నవ్వులు ఆగాక దార్సి ఆవిడ చెయ్యి పట్టుకుంది. "రాసేయవే అందర్నీ. ఈ మోకాళ్ళతో నేను టౌను లారీ ఎక్కలేను. ఇది పోతే నేను ఇంట్లో గోడ చూస్తూ కూర్చోవాలి." లెగియెంకి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. దార్సి చెయ్యి విడిపించుకోలేదు. ఆ చెయ్యి అలాగే ఉండగా రెండో చేత్తో తర్వాతి మనిషిని లెక్కలోంచి కొట్టేసింది.

అయితే అందరూ దొంగలు కారు. నిన్నటి వానకి సరుకు అమ్ముడుపోనివాళ్ళు కొందరు నిజంగానే ఇవాళ మళ్ళీ వచ్చారు. తడిసిన కర్రపెండలం వాడు "కుళ్ళిపోతుంది తల్లీ, సగానికే తీసుకో," అని వెంటపడ్డాడు. కుండలావిడ ధర చెప్పి, చెప్పగానే తగ్గించి, ఇంకా తగ్గించింది. వీళ్ళకి ఒక్కో గీత పడింది. చివరి వరస దాకా వెళ్ళొచ్చి చూసుకుంటే పధ్నాలుగు గీతలు. మూడొందల ఎనభై ఏడూ పధ్నాలుగూ. వేళ్ళ మీద కూడింది. కాగితం వెనక కూడింది. నమ్మకం లేక దార్సి వేళ్ళ మీద కూడా కూడింది. నాలుగొందల ఒకటి!

అప్పుడు జుమినో కుర్చీలోంచి, మొహమంతా సబ్బు నురగ ఉన్న మనిషొకడు మెడలో గుడ్డతో సహా లేచి వచ్చాడు. నోరు తెరిచాక గానీ ఎవరో తెలియలేదు.

"కాగితం ఇలా ఇవ్వండి బూ!" సంతంతా ఉలిక్కిపడింది. తోగార్ జేబులోంచి తన కాగితం తీసి పక్కన పెట్టాడు. అందులోనూ పధ్నాలుగే. "మీకంటే ముందొచ్చి అందర్నీ బేరమాడా. ఆ మామ్మకి రెట్టింపు ధర, ఇరవై వేల రుపియాలిస్తానన్నా బొప్పాయి ఇవ్వలేదు. ఇక్కడ అరవై ఒకటి కనపడుంటే పది కాగితాలూ చింపేసేవాణ్ణి బూ. మొదటి లెక్కే ఖాయమయ్యేది, రోజుకి నలుగురని."

లెగియెం తడి నేల మీదే చతికిలబడింది. నవ్వుతోంది, ఏడుస్తోంది, రెండూ ఆపలేకపోతోంది.

"ఎంతొచ్చిందో చెప్పి చావండి!" అంది దార్సి.

"నాలుగొందలు కావాలి ఎంబోక్. నాలుగొందల ఒకటి వచ్చింది."

దార్సి ఒక్క క్షణం లెక్క వేసుకుంది. కొంగు దులుపుకుని, మోకాళ్ళ మీద చేతులానించి లేచి, ఊరందరి వంకా తిరిగింది.

"ఆ ఒకటీ నేనే!"

"నువ్వెందుకవుతావ్, నేను!" అన్నాడు జుమినో, కత్తి పట్టుకునే. కర్రపెండలం వాడు నిన్నటి నుంచీ తడిసింది తనే కాబట్టి ఆ ఒకటీ తనేనన్నాడు. కుండలావిడ ఒప్పుకోలేదు. పధ్నాలుగు మందీ ఒకరి మీద ఒకరు అరుచుకుంటుంటే, కొట్టివేతలు పడిన నలభై ఏడుగురూ చుట్టూ చేరి తలో పక్షం పట్టారు. తోగార్ మొహం మీద నురగ ఆరిపోతోంది. ఆ పధ్నాలుగు మందిలో ఆ ఒకటి ఎవరని లెగియెంని అడిగితే, ప్రతి ఒక్కరూ అని చెప్పింది. దార్సి మాత్రం ఒప్పుకోలేదు.